ఎవలి పిలగానివిరా?

పల్లెలో పిల్లగాడు ఎదురైతే పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న వాడి పేరు గురించి కాదు. "ఎవలి పిలగానివిరా?" అని. బుగ్గారంలోనూ అంతే. హోటల్ ముందు బల్ల మీద కూచున్న తాత అడుగుతాడు. బీడీల చాట ఒళ్ళో పెట్టుకున్న అవ్వ అడుగుతుంది. దుకాణంలో చాక్లెట్ ఇచ్చే సేటు అడుగుతాడు. తప్పుపట్టవలసిన ప్రశ్న కాదది. అందులో ఆరా ఎంత ఉందో ఆప్యాయతా అంత ఉంది. ఎవరి బిడ్డో తెలిస్తే దాహానికి నీళ్ళిస్తారు, పొద్దుగూకితే చెయ్యి పట్టుకొని ఇంటికి తెచ్చి అప్పజెప్తారు. ఒక్క మాటలో జవాబు చెప్పగలిగిన పిల్లలకు ఇది ప్రశ్నే కాదు. అట్లా చెప్పలేని పిల్లల గురించి మేం ఇక్కడ మాట్లాడదలచుకున్నాం.

మూడేళ్ళ కింద మొహర్రంకు మేం బుగ్గారంలో దగ్గరి చుట్టాలింటికి పోయాం. ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ బాబు ఉన్నాడు. తండ్రి మావాడు, దుబాయిలో కంపెనీ పనికి పోయి ఉన్నాడు. తల్లి సిరిసిల్ల వైపు పద్మశాలీల బిడ్డ, ఇంట్లో బీడీలు చేస్తుంది. (ఆనవాళ్ళు దొరక్కుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాం.) పెళ్ళయ్యాక ఏళ్ళ తరబడి ఆమె పుట్టింటివాళ్ళు ఈ గడప తొక్కలేదు. తర్వాత అమ్మమ్మకే మనసాగక ఒకరోజు బస్సెక్కి వచ్చింది. అప్పటినుంచి బాబుకు రెండు పేర్లు. బడి రిజిస్టర్లో ఉన్నది ఒకటి, అమ్మమ్మ పిలిచేది ఇంకొకటి.

ఆ సాయంత్రం పీర్ల కొట్టం దగ్గర వాణ్ణి గమనించాం. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన "ఎవలి పిలగానివిరా?" అన్నాడు. వాడు దాదా పేరు చెప్పాడు. కాసేపటికి పీరుకు దట్టీ కట్టడానికొచ్చిన ఒకామె అదే మాట అడిగింది. వాడు ఒక్క క్షణం ఆమె నుదుటి బొట్టు చూసి, అమ్మమ్మ వాళ్ళ ఊరి పేరు, తాత పేరు చెప్పాడు. మేం నవ్వుకున్నాం. హుషారు పిలగాడు అని మెచ్చుకున్నాం. రాత్రి భోజనాల దగ్గర పదిమందిలో సరదాకు అడిగాం కూడా. "బేటా, అడిగినోళ్ళను బట్టి చెప్తున్నవ్. అసలు నువ్వు ఎటు? ఇటా, అటా?" అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేసి లేచిపోయాడు.

తెల్లారి కడుపునొప్పి అని ముడుచుకొని పడుకున్నాడు. ఇది కొత్త కాదని తల్లి చెప్పింది. పండుగలొచ్చాయంటే నొప్పి. బడిలో ఏదైనా ఫారం నింపుకొని రమ్మంటే నొప్పి. అమ్మమ్మ ఊరికి పోయే ముందు నొప్పి, అక్కణ్ణుంచి వచ్చాక నొప్పి. జగిత్యాలలో పిల్లల డాక్టరుకు చూపిస్తే పరీక్షలన్నీ చేయించి కడుపులో ఏమీ లేదన్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. బడిలో మాట తగ్గింది. ఇవన్నీ విన్నాక రాత్రి మేం నవ్విన నవ్వు మాకే గుచ్చుకుంది. మేం హుషారు అనుకున్నది హుషారు కాదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు పొద్దంతా ఎదుటివాళ్ళ నుదుళ్ళూ గడ్డాలూ చూసుకుంటూ తనకు తానే కాపలా కాస్తున్నాడు. ఆ కాపలాలో వాడు అలసిపోతున్నాడు.

అప్పటినుంచి ఒక ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. ఒక బిడ్డను "నువ్వు ఎటు?" అని అడిగే హక్కు ఎవరికైనా ఉందా? ముఖ్యంగా, అదే ప్రశ్నను ఈ దేశంలో పొద్దున లేస్తే ఎదుర్కొనే మాకు ఉందా?

రెండు జాతుల తల్లిదండ్రులకు పుట్టిన పిల్లల మనసు గురించి పాశ్చాత్య దేశాల్లో చాలా రాశారు. అక్కడ మాట తెలుపు నలుపుల గురించి. మన దగ్గర అది ఒంటి రంగు దగ్గర ఆగదు. తెలుగులో "జాతి" అనే ఒక్క మాటే చూడండి. దేశమూ జాతే, కులమూ జాతే, మతమూ జాతే, ఆడజాతి, మగజాతి, చివరికి పశువుల్లోనూ జాతే. ఇన్నిటిని ఒకే మాటలో కుక్కిన సమాజంలో, రెండు వైపుల నుంచి వచ్చిన బిడ్డకు మర్యాదైన పేరు ఒక్కటీ లేదు. ఉన్న మాట "సంకరం". భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు భయపడే విషయాల్లో వర్ణసంకరం ఒకటి. మా ఉర్దూ ఇంకా దారుణం. "దోగలా" అంటాం. రెండు జాతులకు పుట్టినవాడికీ అదే మాట, నమ్మదగని రెండు నాలుకల మనిషికీ అదే మాట. అంటే బిడ్డ పుట్టీ పుట్టకముందే వాడి మీద మోసగాడని ముద్ర వేసి ఉంచింది మా భాష. మేం ఎంతో మురిసిపోయే తీయని ఉర్దూలో ఈ చేదు కూడా ఉంది.

విచిత్రమేమంటే ఇదే ఊళ్ళలో ఇదే మాట పొలంలోకి పోతే గౌరవం తెచ్చుకుంటుంది. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ వేర్వేరు వరి రకాలను కలిపి కొత్త వంగడాలు తీస్తారు. జగిత్యాల సన్నాలు అక్కడి నుంచి వచ్చినవే. ఆ బియ్యం తిననివాళ్ళు ఈ వైపున తక్కువ. రైతు సంకర విత్తనం అడిగి మరీ కొంటాడు. సంకరజాతి ఆవు పాలు ఎక్కువ ఇస్తుందని అప్పు చేసి తెస్తాడు. పొలంలో, కొట్టంలో మెప్పు అయిన మాట ఇంటి గడప దాటి లోపలికి రాగానే తిట్టు ఎందుకవుతుంది? గింజ ఆస్తి అడగదు, పెళ్ళి అడగదు, శ్మశానంలో చోటు అడగదు. బిడ్డ ఇవన్నీ అడుగుతాడు. గొడవ రక్తం గురించి కాదు. పంపకాల గురించి, పరువు గురించి, ఎవరి లెక్కలో తల ఒకటి పెరుగుతుందన్న దాని గురించి.

ఇది ఇవ్వాళ పుట్టిన ప్రశ్నా కాదు. రెండు వందల ఏళ్ళ కింద మన హైదరాబాదులోనే ఇద్దరు పిల్లల్ని ఇదే ప్రశ్న నిలువునా చీల్చింది. కోఠీలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న చోటు అప్పట్లో బ్రిటిష్ రెసిడెన్సీ. 1798 నుంచి 1805 దాకా అక్కడ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు సయ్యదుల ఇంటి ఆడబిడ్డ ఖైరున్నిసాను పెళ్ళాడాడు. 1801లో కొడుకు, 1802లో కూతురు. సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలుచుకున్నారు. 1805లో ఇద్దరినీ చదువుకోసమని ఇంగ్లండుకు ఓడ ఎక్కించారు. పోయే ముందు మద్రాసులో జార్జ్ చినరీ అనే చిత్రకారుడు వాళ్ళ బొమ్మ గీశాడు. హైదరాబాదీ దుస్తుల్లో ఉన్న ఆ ఇద్దరు పసివాళ్ళ బొమ్మ ఇప్పటికీ ఉంది. అదే ఏడు తండ్రి కలకత్తాలో చనిపోయాడు. ఇంగ్లండులో పిల్లలకు బాప్టిజం ఇచ్చారు, పేర్లు మార్చారు. కొడుకు విలియం జార్జ్ అయ్యాడు, కూతురు కేథరిన్ అరోరా అయ్యింది. తల్లి మళ్ళీ వాళ్ళను చూడలేదు. 1813లో ఆమె పోయింది.

ఆ కాలపు పెద్దలకు ఇది క్రూరత్వంగా తోచలేదు. పిల్లల మంచికే అనుకున్నారు. ఒక వైపు తేల్చేస్తే, రెండో వైపును పూర్తిగా తుడిచేస్తే, పిల్లలు హాయిగా బతుకుతారనుకున్నారు. ఇవ్వాళ మన జమాత్ పెద్దలు, కులపెద్దలు అనుకుంటున్నది కూడా ఇదే. మరి అట్లా తుడిచేస్తే తుడుచుకుపోయిందా?

పోలేదు. కిట్టీ అని పిలిపించుకున్న ఆ కూతురు పెళ్ళి చేసుకొని పిల్లల్ని కన్న తర్వాత, హైదరాబాదు వదిలిన మూడున్నర దశాబ్దాలకు, 1841లో అమ్మమ్మ షరఫున్నిసా బతికే ఉందని తెలిసి ఉత్తరం రాసింది. మూడేళ్ళ వయసులో విడిపోయిన రోజున తల్లి ఏడ్చిన ఏడుపు, ఆమె కూచున్న చోటు తనకింకా గుర్తున్నాయని రాసింది. కలలో తల్లి కనబడుతుందట. దొరికిందని సంతోషంలో ఉండగానే, తాను మాట్లాడే ఇంగ్లీషు తల్లికి అర్థం కావడం లేదని తెలిసి బాధపడుతుందట. రెండు భాషల మధ్య బతికే మేం ఈ సంగతి చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసి కూచున్నాం. అమ్మమ్మ ఫార్సీలో, మనుమరాలు ఇంగ్లీషులో, మధ్యలో ఎవరో ఒకరు తర్జుమా చేస్తూ ఆరేళ్ళు ఉత్తరాలు నడిచాయి. 1847లో అమ్మమ్మ చనిపోయింది. ఇద్దరూ మళ్ళీ కలుసుకోనే లేదు.

పిల్లల్ని ఒక వైపుకు తేల్చేస్తే శాంతి దొరుకుతుందనేవాళ్ళు ఆ కలను ఒకసారి తలుచుకోవాలి. మంచి ఇల్లు, మంచి చదువు, అందమైన జీవితం ఉన్న మనిషి నలభై ఏళ్ళకు దగ్గరపడిన వయసులో కూడా తల్లి భాష కోసం కలలో వెతుక్కుంటున్నది. ఆమె బాధకు కారణం రెండు జాతులకు పుట్టడం కాదు. అందులో ఒకదాన్ని ఆమె చేతిలోంచి లాగేసుకోవడం.

హైదరాబాదుకు ఇట్లాంటి పిల్లలు కొత్త కాదు. నిజాం ఆఫ్రికా అశ్వదళంలో పనిచేసిన సిద్దీల వారసులు ఏ.సి. గార్డ్స్‌లో ఉన్నారు. ఆ పేట పేరులోనే ఆఫ్రికా ఉందని చాలామందికి తెలియదు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతతి బార్కాస్‌లో ఉంది. ఇక్కడి ఆడపిల్లల్ని పెళ్ళాడి, ఇక్కడి అన్నం తిని, రెండు మూడు తరాలకే దక్కనీ మాట్లాడే హైదరాబాదీలయ్యారు. అయినా సిద్దీ పిల్లవాణ్ణి ఇవ్వాళ్టికీ జుట్టు చూసి "ఏ దేశం మీది?" అని అడిగేవాళ్ళున్నారు. మరో వైపు పాతబస్తీలో షేకుల పెళ్ళిళ్ళు. 1991లో పదేళ్ళ అమీనాను విమానంలో తీసుకుపోతున్న ముసలి అరబ్బు పట్టుబడినప్పుడు దేశమంతా మాట్లాడింది. ఆ తర్వాత కూడా ఇట్లాంటి పెళ్ళిళ్ళ మీద పత్రికలవాళ్ళం ఎన్నో వార్తలు రాశాం. మా వార్త ఎప్పుడూ తల్లి దగ్గరే ఆగిపోయింది. తండ్రి దేశం తిరిగిపోయాక ఇక్కడే పుట్టి పెరిగిన బిడ్డ బడిలో తండ్రి పేరు అడిగినప్పుడు ఏం చెప్తున్నాడో మేం పోయి చూడలేదు. ఆ తప్పు మాదే.

ఇప్పుడు శాస్త్రం ఏమంటుందో చూద్దాం. 1928లో అమెరికా సామాజికవేత్త రాబర్ట్ పార్క్ రెండు సమాజాల అంచున నిలబడ్డ మనిషి గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. 1937లో స్టోన్‌క్విస్ట్ దాన్ని పుస్తకంగా పెంచాడు. రెండు జాతుల సంతానానికి మనసులో సంఘర్షణ తప్పదన్న అభిప్రాయం దీని నుంచి బలపడింది. ఆ తర్వాతి పరిశోధకులు దీన్ని ఒప్పుకోలేదు. 1990లో కార్లోస్ పోస్టన్ ఇట్లాంటి పిల్లలు ఏ ఏ దశలు దాటి ఎదుగుతారో వివరించాడు. మొదట తానెవరన్న గొడవే ఉండదు. తర్వాత ఏదో ఒక వైపు ఎంచుకోవాల్సిన ఒత్తిడి వస్తుంది. ఒక వైపు ఎంచుకున్నాక రెండో వైపును దాచిపెట్టిన అపరాధభావం, గందరగోళం. ఆ తర్వాత రెండో వైపును కూడా మెచ్చుకోవడం, చివరకు రెంటినీ కలుపుకోవడం. ఈ లెక్కలో అతి కష్టమైన చోటు ఎంపిక చేయమన్న ఒత్తిడి, దాని వెంట వచ్చే అపరాధభావం. 1993లో మరియా రూట్ మిశ్రమ సంతతి మనుషుల హక్కుల పత్రం రాసింది. తనను తాను ఏమని పిలుచుకోవాలో తేల్చుకునే హక్కు ఆ మనిషిదేనన్నది దాని సారం. తల్లిదండ్రులు వేరువేరు జాతులవాళ్ళు కావడం జబ్బు కాదు. వెలివేయడం, ఎగతాళి చేయడం, ఇటా అటా అని నిలదీయడం మనసును గాయపరుస్తాయి.

పిల్లల మనసులోకి సమాజం ఎంత చిన్న వయసులో చొరబడుతుందో 1940ల్లో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు చూపించారు. వాళ్ళిద్దరూ నల్లజాతి మనస్తత్వవేత్తలు. నల్ల బొమ్మ, తెల్ల బొమ్మ ముందు పెట్టి ఏది మంచిదని అడిగితే చాలామంది నల్ల పిల్లలు తెల్ల బొమ్మను చూపించారు. బడుల్లో జాతి విభజన చెల్లదన్న 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ పెళ్ళి చేసుకోవడాన్ని నేరంగా చూసే చట్టాలు అక్కడ 1967 దాకా కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి. జనాభా లెక్కల్లో ఒకటికంటే ఎక్కువ జాతులు రాసుకునే వీలు 2000లో గానీ రాలేదు. అంటే ఒక ఫారంలో ఒక గడి బదులు రెండు గడుల్లో గీత పెట్టనివ్వడానికి అంత పెద్ద దేశానికి రెండు శతాబ్దాలు పట్టింది.

మన దగ్గర ఫారం ఇంకా ఒక్క గడే అడుగుతుంది. కులం విషయంలో 2012లో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. కులాంతర, ఆదివాసీ ఆదివాసేతర పెళ్ళిళ్ళలో పుట్టిన బిడ్డను కళ్ళు మూసుకొని తండ్రి వైపు లెక్క కట్టవద్దు, ఆ బిడ్డ ఏ వాతావరణంలో పెరిగాడో, ఎట్లాంటి అవమానాలు పడ్డాడో చూడమంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రం దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అని రాసుకునే వీలు ఇవ్వాలని ఆదేశించింది. మంచిదే, కావలసిందే. కానీ మా బుగ్గారం బాబుకు ఇది సరిపోదు. ఎందుకంటే "ఏదీ లేదు" అనడం వేరు, "రెండూ ఉన్నాయి" అనడం వేరు.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులతో ఒక మాట. ఇట్లాంటి ఇంటి సంగతి చెప్పగానే వాళ్ళు ప్రేమగా అంటారు. "ఏ మతమూ వద్దు, మనిషిగా పెంచండి." వినడానికి బాగుంటుంది. కానీ మనిషి అనేవాడు ఉత్త గాలిలో పెరగడు. దాదీ వండిన షీర్ ఖుర్మా తిని, అమ్మమ్మ పేర్చిన బతుకమ్మ పక్కన ఆడి, ఇంట్లో దక్కనీ, వాకిట్లో తెలంగాణ తెలుగు విని పెరుగుతాడు. "మతం వద్దు" అన్న పేరుతో వీటన్నిటినీ తీసేస్తే బిడ్డకు ఒక అమ్మమ్మ కాదు, ఇద్దరు ముసలమ్మలూ పోతారు. ఇంకో సంగతి. అన్నీ వదిలేయమనడం ఎవరి పేరు, ఎవరి పండుగ మామూలుగా చెల్లుతుందో వాళ్ళకు తేలిక. వాళ్ళు వదిలేసినా బడి క్యాలెండరులో వాళ్ళ పండుగ ఉంటుంది, పాఠ్యపుస్తకంలో వాళ్ళ కథ ఉంటుంది. మేం వదిలేస్తే మాది ఇక ఎక్కడా ఉండదు.

ఇక మా వైపు. ఈ బాబు సంగతి చెప్పినప్పుడు జమాత్‌లో ఒక పెద్దాయన మాతో అన్నాడు. "మనం ఉన్నదే గుప్పెడు. ఆ గుప్పిట్లోంచి కూడా జారిపోతే మిగిలేదెవరు? రేపు అల్లర్లు జరిగితే గుంపు సగం సాయెబు, సగం శాలాయన అని చూసి వదుల్తదా? బిడ్డకు ఒక కాళ్ళకింది నేల కావాలె." ఈ మాటను మేం తేలిగ్గా కొట్టిపారేయలేం. 1992 డిసెంబరు నాటికి మేం బడిపిల్లలం. తర్వాత 2002 చూశాం. పేరును బట్టి మనిషి చావు బతుకులు తేలడం చూసినవాళ్ళ భయం అబద్ధం కాదు. మైనారిటీకి సంఖ్య అంటే ఉత్త అంకె కాదు, ధైర్యం.

అయినా ఆ పెద్దాయన వాదంలో ఒక లోపం ఉంది. గుంపు అడిగే ప్రశ్ననే ఆయన తన ప్రశ్నగా తీసుకున్నాడు. గుంపు సగాన్ని ఒప్పుకోదు కాబట్టి మనమూ ఒప్పుకోవద్దంటున్నాడు. గుంపు దగ్గర నేర్చుకున్న లెక్కతో మన బిడ్డల్ని ఎట్లా పెంచుతాం? ఆపద వస్తే ఆ బిడ్డకు అడ్డం నిలబడదాం. కానీ అడ్డం నిలబడ్డందుకు వాడి తల్లిని వాడి నుంచి కిరాయిగా అడగవద్దు.

మాకు ఈ ప్రశ్న ఎంత తెలుసో ఒక చిన్న సంగతి చెప్తాం. మేం ఉర్దూ ఇంట్లో పుట్టి తెలుగు బడిలో చదివాం. తెలుగులోనే రాసి బతుకుతున్నాం. ఇప్పటికీ సభల్లో ఎవరో ఒకరు దగ్గరికొచ్చి "మీరు ముస్లిములైనా తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ" అంటారు. మెచ్చుకోలే అది. కానీ ఆ "అయినా" దగ్గర మేం ప్రతిసారీ పరాయివాళ్ళమవుతాం. అటు పోతే ఉర్దూ మిత్రులు మా ఉచ్చారణ విని "పూరా తెలుగు హో గయే" అని నవ్వుతారు. రెండు భాషలూ అమ్మ ఒడిలోంచి వచ్చినవే, రెండు చోట్లా మేం పరీక్ష రాయాల్సినవాళ్ళమే. దేశభక్తికి రుజువు అడిగితే, మాతృభాషకు రుజువు అడిగితే, ఈ నేలకు రుజువు అడిగితే మేం కోప్పడ్డాం, కవిత్వం రాశాం, పుస్తకాలు వేశాం. న్యాయమైన కోపమే. ఆ కోపమంతా పోసి అస్తిత్వం అనే మాట సంపాదించుకున్నాం. మమ్మల్ని ఏమని పిలవాలో మేం చెప్తాం, మీరు కాదు అన్నాం. అట్లాంటి మేం అన్నం ముందు కూచున్న తొమ్మిదేళ్ళ బిడ్డను "ఇటా, అటా?" అని అడిగాం. ఎదుటివాళ్ళు మా మీద వాడిన కొలబద్దతోనే వాణ్ణి కొలిచాం.

దీన్ సంగతేమిటని ముస్లిం పాఠకులు అడుగుతారు. అడగాలి కూడా. విశ్వాసాలు రెండూ ఒకటేనని పై పైన పూత పూసే ఉద్దేశం మాకు లేదు. తౌహీద్‌కూ విగ్రహారాధనకూ మధ్య తేడా ఉంది, దాన్ని దాచడం రెండిటికీ అగౌరవం. కానీ విశ్వాసం వేరు, చుట్టరికం వేరు. విశ్వాసం బుద్ధి వచ్చాక మనిషి తనంత తాను ఒప్పుకునేది. అందులో బలవంతం లేదని ఖురానే చెబుతుంది. చుట్టరికం ఎవరూ ఎంచుకునేది కాదు, తెంపుకునేదీ కాదు. హజ్రత్ అబూబకర్ కూతురు అస్మా దగ్గరికి ఇస్లాంలోకి రాని ఆమె తల్లి వచ్చినప్పుడు, ఆమెతో బంధం కలుపుకోవచ్చునా అని అస్మా ప్రవక్తను అడిగింది. కలుపుకోమని ఆయన చెప్పారు. హదీసుల్లో ఉన్న ఈ సంగతి మా మౌల్వీలందరికీ తెలుసు. మరి పద్మశాలీ అమ్మమ్మ గడపలోకి రావడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? అది దీన్ ఆపలేదు. అటు కులం ఆపింది, ఇటు మా బిరాదరీ పరువు ఆపింది.

ఈ నేలకు రెండిళ్ళ అలవాటు లేకనా? తెలంగాణ పల్లెల్లో పీర్లకు మొక్కి పుట్టిన హిందువుల బిడ్డలకు మౌలాలి అని, ఉసేనయ్య అని, సైదులు అని పేర్లు పెట్టుకున్నారు. పీర్ల గుండం చుట్టూ అన్ని కులాలవాళ్ళు ఆడతారు. మేమే ఈ సంగతి ఎన్నో వ్యాసాల్లో గొప్పగా రాసుకున్నాం. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ పీర్ల ముందే ఆ బాబు ఆ రాత్రి నుదుళ్ళు చూసి జవాబులు మార్చుకున్నాడు. పండుగ నాడు కలిసి ఎగరడం సులువు. పండుగ తెల్లారి ఒక బిడ్డను కలిపి పెంచడం కష్టం. మొదటిది మనకు వచ్చు. రెండోది నేర్చుకోవలసి ఉంది.

ఏం నేర్చుకోవాలి? కొన్ని పెద్ద కష్టమైనవి కావు. బిడ్డను, సరదాకైనా సరే, నువ్వు ఎవరి వైపు అని అడగవద్దు. "అమ్మ ఎక్కువనా, నాయన ఎక్కువనా" అన్న మాట లాంటిదే అదీ. బిడ్డ ముందు తల్లి వైపును గానీ తండ్రి వైపును గానీ తక్కువ చేసి మాట్లాడవద్దు. ఆ తిట్టు సగం బిడ్డకే తగులుతుంది. ఇద్దరు ముసలమ్మల ఇళ్ళకూ దారి తెరిచి ఉంచాలి. రెండు భాషలూ, రెండు వైపుల కథలూ వాడి చెవిన పడాలి. బయట ఎవరైనా ఎగతాళి చేస్తే ఏమనాలో ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. అప్పుడు ఆ మాట తగిలినా, తప్పు తనలో ఉందనుకోడు. పంతుళ్ళు ఫారం నింపే రోజు పదిమందిలో లేపి అడగవద్దు, తల్లిని పక్కకు పిలిచి అడగాలి.

కారణం దొరకని కడుపునొప్పి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, మానేసిన పక్క తడపడం మళ్ళీ రావడం, బడికి పోనని మొండికేయడం, ఆటలు మానేసి మూల కూచోవడం వారాల తరబడి ఉంటే అది నాటకం కాదు. దిష్టీ కాదు, గాలీ కాదు. తావీజు కట్టించుకుంటే కట్టించుకోండి, కానీ డాక్టరు దగ్గరికి పోవడం ఆపవద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా పైసా ఖర్చు లేకుండా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బిడ్డను ఎవరైనా కొడుతున్నా, వేధిస్తున్నా 1098 ఉంది.

ఆ తల్లి అట్లాగే ఫోన్ చేసింది. బీడీల చాట పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడిందట. అవతలివాళ్ళు మందేమీ చెప్పలేదు. ముందు బిడ్డ చెప్పేది వినమన్నారు, ఎటో తేల్చమని ఇంట్లో ఎవరూ అడగకుండా చూడమన్నారు. తర్వాత ఆమె మాకు ఫోన్ చేసి, నేరుగా అనలేక, "మీరొచ్చినప్పుడు వాణ్ణి అట్ల అడగకుండ్రి అన్నా" అంది. ఆ మాట మాకు తగలవలసిన చోటే తగిలింది.

తర్వాత ఒకసారి పోయినప్పుడు వాడి దగ్గర కూచొని చెప్పాం. "ఆ రోజు మేం అడిగింది తప్పు బేటా." పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకుంటే పిల్లలకు ఎట్లా తోస్తుందో మాకు తెలియదు. వాడు తల ఊపి ఆటకు పోయాడు. కడుపునొప్పి పూర్తిగా పోలేదు. తగ్గింది. పక్క తడపడం ఆగింది. దుబాయి నుంచి తండ్రి వీడియో ఫోన్లో కనబడినప్పుడు పక్కన అమ్మమ్మ కూడా కూచుంటున్నది.

పోయిన మొహర్రంకు మళ్ళీ బుగ్గారం పోయాం. పీర్ల కొట్టం దగ్గర అదే గుంపు, అదే డప్పు. ఎవరో ఒక పెద్దమనిషి వాణ్ణి ఆపి అదే మాట అడిగాడు. "ఎవలి పిలగానివిరా?" మేం ఊపిరి బిగబట్టి చూశాం. వాడు ఆయన గడ్డం చూడలేదు, నుదురు చూడలేదు. మొహంలోకి చూసి అడిగాడు.

"ఎందుకు తాతా?"

ఆ పెద్దమనిషి దగ్గర జవాబు లేదు. నవ్వి వాడి తల నిమిరి పోయాడు. మేం ఇంటిదాకా ఆలోచిస్తూనే నడిచాం. మా దగ్గరా జవాబు లేదు. చదువుతున్న మీ దగ్గరుందా?